ఆరోగ్య హక్కు మన గడప చేరాలి

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం మూర్ఛతో కుప్పకూలసాగారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఆ తరువాత నిపుణులు అభిప్రాయపడ్డారు. కారణం తెలియని ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ కావలసింది, నమ్మదగినవారి నుంచి ఒక్క మాట.

ఆ మాట చెప్పేవారు నేడు మన వాడల్లో ఉన్నారా? ఆశా కార్యకర్త గడప దాకా వచ్చినా, ఇంట్లోని తల్లి ఉర్దూలో చెప్పుకునే బాధ ఆమెకు అర్థం కాకపోతే ప్రయోజనమేమి? 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ఆ హక్కు ఆసుపత్రిలోనూ అమలు కావాలి. తాగునీటి పరీక్షల ఫలితాలను వార్డు సచివాలయాల్లో ఉభయ భాషల్లో ప్రదర్శించాలి.

ఇది ప్రభుత్వ బాధ్యత. మన బాధ్యత మాటేమిటి? ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాల మసీదు కమిటీలు జుమా నమాజు తరువాత పది నిమిషాలు ఆరోగ్యానికి కేటాయించాలి. మహిళలకు వేరుగా సమావేశాలు జరపాలి. మధుమేహులు రమజానుకు ముందే వైద్యుణ్ణి కలిసేలా చూడాలి. క్షయ రోగులకు నెలకు అందవలసిన 1000 రూపాయల పోషకాహార సాయం అందుతున్నదో లేదో కనుక్కోవాలి.

మరో విపత్తు వచ్చేదాకా ఆగనక్కరలేదు. వచ్చే జుమా నుంచే మొదలుపెడదాం.