ఆకారాలు ఆటలోనే నేర్పండి

తల్లిదండ్రులారా, అంగన్‌వాడీ టీచర్లారా, బడి యాజమాన్యాలారా!

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు గోడమీది చార్టు చూపించి సర్కిల్, స్క్వేర్, ట్రయాంగిల్ అని వల్లె వేయిస్తున్నాం. చుక్కల గీతలమీద పేజీలకు పేజీలు దిద్దిస్తున్నాం. ఇది ఆపాలని కోరుతున్నాం.

చార్టు గడగడా అప్పజెప్పే పిల్లకు అట్టముక్కతో త్రిభుజం కత్తిరించి, మొన కిందికి తిప్పి చూపండి. చాలామంది అది త్రిభుజం కాదంటారు. ఒక పక్కకు వాలిన సన్నటి త్రిభుజాన్నీ ఒప్పుకోరు. తప్పు పిల్లలది కాదు. చార్టులో త్రిభుజం ఎప్పుడూ నేలకు ఆని, మూడు పక్కలూ సమానంగానే ఉంటుంది. వాళ్లకు తెలిసింది ఆ ఒక్క బొమ్మే. డచ్ గణితోపాధ్యాయ దంపతులు వాన్ హీలెలు 1957లోనే ఈ సంగతి వివరించారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా, చూపుకు కనిపించినట్టే గుర్తుపడతారు; భుజాలు, మూలలు పట్టించుకునేది ఆ తర్వాతే. వయసు పెరిగినంత మాత్రాన ఆ మెట్టు ఎక్కరు, తగిన అనుభవం కావాలి.

ఆ అనుభవానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. గుడ్డసంచిలో ప్లాస్టిక్ గాజు, ఖాళీ అగ్గిపెట్టె, డబ్బా మూత, రబ్బరు బంతి వేసి, చూడకుండా తడిమి చెప్పమనండి. మూలలున్నదీ లేనిదీ వేళ్లకే తెలుస్తుంది. తర్వాత నేలమీద దొర్లించమనండి. బంతి ఎటైనా పోతుంది, మూత అంచుమీద నిలబెడితేనే పోతుంది. గోళానికీ వృత్తానికీ తేడా ఎంత వివరించినా ఇంత బాగా అర్థం కాదు. నలుచదరపు చేతిరుమాలు ఐమూలగా మడిపించండి, మళ్లీ మడిపించండి. తొక్కుడుబిళ్ల గళ్లు మీరు గీసివ్వకండి. గడి ఇరుకైతే కాలు పట్టదు, వాళ్లే చెరిపి సరిచేసుకుంటారు. వాకిట్లో నాలుగు చుక్కలు పెట్టి కలపమనండి. ఒక చుక్క జరిపి మళ్లీ కలపమనండి. ముగ్గు వేసే ప్రతి అమ్మమ్మా ఈ పాఠం చెప్పగలదు.

ఆడిస్తూ మాట్లాడడం ముఖ్యం. పేరు అడిగి ఊరుకోకండి. "త్రిభుజమని ఎలా కనిపెట్టావు? తిప్పితే మారిపోయిందా?" అని అడగండి. "మూడు మూలలున్నాయి" అని పిల్ల తనంతట తాను అన్నదంటే, పది పేజీలు దిద్దినా రానిది వచ్చినట్టే.

ఇది కొత్త వింత కాదు. విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో మొదలుపెట్టిన పసిపిల్లల బోధనకు బంతి, ఘనం, స్తూపం లాంటి ఆటవస్తువులే ఆధారం. మన 2020 జాతీయ విద్యావిధానం, 2022 పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటతోనే నేర్పమంటున్నాయి. అయినా తరగతిగది మారలేదు. నోటుబుక్కు నిండితేనే ఫీజు గిట్టిందని మనం అనుకున్నంతకాలం ఏ టీచరూ ధైర్యంగా ఆడించలేరు.

యూకేజీ దాటేవరకు ఆకారాల దిద్దుడు, రాతపరీక్ష ఎత్తేయాలి. ప్రతి అంగన్‌వాడీలో, ప్రతి బడిలో రోజూ అరగంట ఆకారాల ఆటకు కేటాయించాలి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండూ అడగండి. నోటుబుక్కు తెరవకముందే, ఈ వారం ఏ ఆటలు ఆడించారో చెప్పమనండి.