గడియారం మాట నమ్మి మనిషికి మెమోనా?

కొన్నేళ్ల క్రితం ఒక ప్లాంటులో కంట్రోల్ సిస్టమ్ సపోర్టు చూసేవాణ్ణి. ఓ రాత్రి పంపు ఆగిపోయింది. తెల్లారి లాగులు తీశాం. సర్వర్ లెక్కలో ఆపరేటరు స్టాప్ నొక్కింది 2:14:07కి. ప్రెషర్ పడిపోయిందని పీఎల్‌సీ అలారం రాసుకుంది 2:14:10కి. ఇంకేముంది, "అలారం రాకుండానే ఆపేశాడు" అని తేల్చేసి మెమో చేతిలో పెట్టారు. "లేదు సార్, అలారం చూసే నొక్కాను" అని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. లాగు అబద్ధం చెప్పదు కదా! ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తీరా చూస్తే, అంతకు మూడ్రోజుల ముందు ఎవరో ఫైర్‌వాల్ రూల్సు మారుస్తూ యూడీపీ 123 పోర్టు మూసేశారు. ఎన్‌టీపీ ఆగిపోయింది, పీఎల్‌సీ గడియారం తన దారిన తాను పరిగెత్తింది. క్రిస్టల్ పది లక్షలకి 20 వంతులు తేడాగా నడిస్తే రోజుకి 1.7 సెకన్లు, మూడ్రోజులకి ఐదు. అంటే అలారం నిజంగా వచ్చింది 2:14:05కి. పాపం ఆయన రెండు సెకన్లలో స్పందించాడు! మెమో వెనక్కి తీసుకున్నారు గానీ సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇది మా ఒక్కరి గోల కాదండీ. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యంలోనూ, కెనడాలోని ఆంటారియోలోనూ సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. చాలా రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవక, ఏ లైను ముందు ట్రిప్ అయిందో వరసపెట్టడానికే దర్యాప్తు బృందానికి తల ప్రాణం తోకకొచ్చింది. టైము సింక్ అయిన రికార్డర్లు తప్పనిసరి చేయమని 2004 నివేదికలో సిఫారసు చేశారు.

ఈ మాట ఎత్తగానే "పీటీపీ పెట్టేస్తే సరి" అంటారు మనవాళ్లు. ఫేజర్ కొలతలకైతే నిజంగానే కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర ఒక్క మిల్లీసెకను తప్పితే 18 డిగ్రీలు తేడా! కానీ మా పంపు గొడవకి ఎన్‌టీపీయే ఎక్కువ. పైగా రెండూ పోయే దారికీ వచ్చే దారికీ ఒకే ఆలస్యం అనుకునే లెక్క కడతాయి. ఆ తేడాలో సగం తప్పు చడీచప్పుడు లేకుండా లోపలికొస్తుంది.

నా గొడవల్లా ప్రోటోకాల్ గురించి కాదు. ఆయిల్ టెంపరేచర్ రెండు డిగ్రీలు పెరిగితే కూతపెట్టే స్క్రీను, సింక్ పోతే మూడ్రోజులు నోరెత్తదే! ప్రతి రికార్డు పక్కనా "అప్పటికి ఈ గడియారం సింక్‌లో ఉందా, లేదా" అని ఒక్క ఫ్లాగు వేస్తే మన సొమ్మేం పోయింది? మీ సైట్లలో ఆ అలారం ఎవరి స్క్రీను మీదికి వస్తుందో ఓసారి కనుక్కుని చెప్పండి. నేను అడిగిన నాలుగు చోట్లా "ఐటీ వాళ్లు చూసుకుంటారు" అనే అన్నారు.