కాలు మనది, గడియారం ఎవరిది?



"మనసులో పట్టుదల ఉండాలేగానీ పన్నెండు కిలోమీటర్లు ఒక లెక్కా? గట్టిగా తొక్కండి, ఒంటికి కూడా మంచిది!" అయిదు నిమిషాలు ఆలస్యమైన వాడికి గేటు దగ్గర దొరికే ఉపదేశం ఇది. చెప్పేవాడు జీపు దిగి మరీ చెబుతాడు. మునిగుడ పక్క, నియమగిరి కొండల కింద రోడ్డు మీద, వానాకాలపు ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడు మాత్రం ఈ మాట అనడు.

లెక్కే కావాలంటే చూద్దాం. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 12 కిలోమీటర్లకు గంట. 16 చొప్పున తొక్కితే ముప్పావుగంట. కలిసొచ్చింది పావుగంట. కానీ వేగం మూడో వంతు పెంచితే గాలిని చీల్చుకుపోవడానికి పట్టే శక్తి రెండింతలు దాటుతుంది. అంత చెమటా కార్చి వచ్చి ఎనిమిది గంటలు రింగు ఫ్రేముల మధ్య తిరగాలి, తెగిన పోగులు అతకాలి. ఈ ఖర్చు ఏ మిల్లు పద్దులోనూ ఉండదు.

మన కుర్రాళ్లలోనూ కొందరికి ఈ పిచ్చి ఉంది. నిన్న ఎంతసేపట్లో వచ్చాను, ఇవాళ ఎంతసేపట్లో వచ్చానని పందేలు. సెలవు రోజున సరదాగా తొక్కు తమ్ముడూ, ఎవరొద్దన్నారు? షిఫ్టు సైరన్‌కు భయపడి తొక్కేది పట్టుదల కాదు. జీతం కోత భయం.

ఈ తొందర ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. 1971 జూన్ 26న కేరళలో ఒక కార్మికుడు సాయంత్రం 4.30 షిఫ్టుకు సైకిలు మీద వెళ్తున్నాడు. 4.15కి, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ గుద్దింది. ఆ లారీ యజమానిదే! భుజం ఎముక విరిగింది. పాతికేళ్లు కేసు నడిచాక 1996లో సుప్రీంకోర్టు ఏమన్నది? అది పనిలో జరిగిన ప్రమాదం కాదు, ఇ.ఎస్.ఐ. పరిహారం రాదు అన్నది. అంటే వేగంగా రమ్మనేటప్పుడు మిల్లు మనిషివి, కిందపడితే దారినపోయే దానయ్యవి!

2010లో ఇ.ఎస్.ఐ. చట్టం సవరించి 51-ఇ సెక్షన్ చేర్చాకే ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదానికి రక్షణ దొరికింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003లో తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి వెళ్తూ దారిలో చనిపోతే, అతని కుటుంబానికి పరిహారం దక్కాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. ఇరవై రెండేళ్లు! 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. ఆ కోడ్‌లపై మన అభ్యంతరాలు వేరు, అవి వేరే సంచికలో.

మనం అడిగేది ఇదీ: సైరన్ తర్వాత పది నిమిషాల వెసులుబాటు, రాత్రి షిఫ్టుకు బస్సు, వానకు తడవని సైకిలు షెడ్డు.

ఒక మాట గుర్తుంచుకోండి. ప్రమాదానికీ పనికీ సంబంధం ఉందని రుజువైతేనే చట్టం పనిచేస్తుంది. ఎవరైనా పడితే వెంటనే టైము, చోటు, వెళ్లాల్సిన షిఫ్టు రాసిపెట్టండి, ఇద్దరు సాక్షుల పేర్లు తీసుకోండి, పోలీసు స్టేషన్లో చెప్పండి, టైమ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. ఆ నకలు యూనియన్ ఆఫీసులో ఇవ్వండి.