దీపస్తంభములు – వాని కటకములు

చెన్నపురి హైకోర్టు శిఖరముపై 1894 మొదలు 1977 వరకు ఓడలకు దారి చూపు దీపము వెలిగినది. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు ఏర్పడువరకు మన కోస్తా, రాయలసీమ కక్షిదారులును వకీళ్లును ఆ దీపము క్రిందనే న్యాయమునకై తిరిగిరి. ఆ ప్రాంగణముననే 1844 నాటి శిలాస్తంభ మొకటి నేటికిని నిలిచియున్నది. మన విజయనగరము జిల్లాలో చింతపల్లి కడ 1847లో వెలసిన దీపము, భీమునిపట్టణమునకు సాగు ఓడలను సముద్రపు బండలనుండి కాచుటకై యేర్పడినది. నేడు ఓడలు ఉపగ్రహముల సాయమున దారి గుర్తించుచున్నవి. కనుక ఈ పాత కట్టడములతో పనియేమి యను ప్రశ్న పుట్టుచున్నది.

స్తంభము దూరమునకు కనబడును. అందలి కటకము కనబడదు. అపాయము దానికే యెక్కువ. 1823లో ఫ్రాన్సు దేశపు కోర్దువాన్ దీపస్తంభమున అగస్టిన్ ఫ్రెనెల్ అను ఇంజనీరు తన కటకమును నెలకొల్పెను. దళసరి గాజుముద్దకు మారుగా గాజు వలయములను, పట్టకములను లోహపు చట్రమున మెట్లుమెట్లుగా కూర్చి, నలుదెసల చెదరిపోవు వెలుగును సముద్రముమీదికి పుంజముగా మరల్చెను. మొదటి తరగతి కటకము నిలువెత్తు మనిషిని మించును. తెలియనివారు దానిని ఊడదీసినచో పట్టకముల అంచులు చిట్లును, అతుకులు పొడియగును. పగిలిన పలకకు సరియైనది అంగడిలో దొరకదు. కొన్నిటి అడుగున పాదరసపు తొట్టి యుండుటచే, అజాగ్రత్త మనుష్యులకును హానికరము.

ఇవి పరపాలనా చిహ్నములు గదా యని కొందరందురు. ఈ మాట మాకు సమ్మతము గాదు. తెరచాప యెవరిదో ఆ వెలుగు అడుగలేదు. దీపము వ్యయమునకై ఓడలు సుంకము చెల్లించినవి. ఆ సరకులో మన రైతు చెమటయు కలదు. పాలకులు పోయిరి, శాస్త్రము మనది, తీరము మనది.

1927 నాటి లైట్‌హౌసు చట్టమును తొలగించి పార్లమెంటు 2021లో చేసిన చట్టము, దీపస్తంభములను వారసత్వ కట్టడములుగా ప్రకటించు అధికారమును కేంద్రప్రభుత్వమున కొసగినది. విద్యకు, సంస్కృతికి, యాత్రకు వానిని వినియోగింపవచ్చునని పలికినది. కాని అధికార మిచ్చుట వేరు, విధి నిర్ణయించుట వేరు. 'ప్రకటింపవచ్చును' అన్నచోట ప్రజ లడుగనిదే ప్రభుత్వము కదలదు. యాత్రికులకై తోట వేయుట సులభము. స్తంభమునకు రంగు పూసి కటకమును పాతసామానుగా మూలకు నెట్టుట అంతకంటె సులభము.

మేము కోరునది స్వల్పము. ఏ స్తంభమున ఏ కటకమున్నదో పట్టిక ప్రకటింపవలెను. ఉన్నదానిని ఉన్నచోటనే కాపాడవలెను. తీయుట తప్పనిచో నిపుణులచే తీయించి, ఆ తీరముననే పిల్లలు చూడదగిన చోట నిలుపవలెను. తీరమందలి పురపాలక సంఘములును, పఠనమందిరములును ఈ మేరకు తీర్మానములు చేసి పంపుదురుగాక. చట్టమున అక్షరముగా నున్నది తీరమున కార్యముగా మారుటకు ఆ యొత్తిడి యొక్కటే మార్గము.