కూకట్‌పల్లిలో కొనే కరెంటు బండికి మన మోటరు లెక్క



మన జహీరాబాద్ దిక్కు పిల్లలు చాలామంది కూకట్‌పల్లిలో ఉంటున్నరు. హైటెక్ సిటీల నౌకరి, కేపీహెచ్‌బీ కాలనీల కిరాయి ఇల్లు. పండుగకు ఊరికి వస్తే వాళ్ల నోట్ల ఇప్పుడు ఒక్కటే ముచ్చట: బీఈ 6 కొనాల్నా, ఎక్స్‌ఈవీ 9ఈ కొనాల్నా? రెండూ మహీంద్రా వాళ్ల కరెంటు ఎస్‌యూవీలే. ఆ ముచ్చట ముచ్చటగానే ఉంటే నాకేం బాధ లేదు. కానీ అది తిరిగి తిరిగి "నాయినా, రోడ్డు పక్క అర ఎకరం తీసేస్తే ఈఎంఐ తేలికైతది" అనే కాడికి వస్తున్నది. అందుకే ఈ పోస్టు రాస్తున్న.

నా మాట ముందే చెప్త. బండి కొనొద్దు అంటలేను. రెండిట్ల ఏది అని మొదలు పెట్టుడే తప్పు అంటున్న. బ్యాటరీ చిన్నదా పెద్దదా, చార్జింగ్ ఎక్కడ, పైసలు ఎవరివి - ఈ మూడు తేలినంకనే బండి పేరు ఎత్తాలె. ఈ మూడు తేలితే ఒక్క గుంట భూమి అమ్మే అవసరం కూడ రాదు.

ఎద్దును కొనేటప్పుడు మనం పళ్లు చూస్తం, నడక చూస్తం, అరక కట్టి చూస్తం. ఇంట్ల గడ్డి ఎంత ఉందో ముందే చూసుకుంటం. సుడి సంగతి ఆఖరికి. వీడియోలల్ల బండి గురించి చెప్పేటోళ్లు మాత్రం సుడి దగ్గర్నే మొదలు పెడుతున్నరు: అద్దాల కప్పు, మూడు తెరలు, తలుపు మీద లైటు. గడ్డి ముచ్చట ఒక్కరూ ఎత్తరు.

ముందు ఈ రెండు బండ్లు ఏందో చూద్దాం. 2024 నవంబర్ 26న చెన్నైలో రెండిటినీ ఒక్కరోజే బయటపెట్టిన్రు. కింద చాసిస్ ఒక్కటే. బ్యాటరీలు కూడ అవే రెండు సైజులు: ఒకటి 59 యూనిట్లది, ఇంకొకటి 79 యూనిట్లది. 2025 జనవరిలో చెప్పిన షోరూం ధరల ప్రకారం బీఈ 6 మొదటి రకం 18.90 లక్షలు, ఆఖరి రకం 26.90 లక్షలు. 9ఈ మొదటి రకం 21.90, ఆఖరిది 30.50. ఇంట్ల పెట్టే చార్జర్‌కు మళ్ల వేరే పైసలు. వెనక డిక్కీ బీఈ 6కు 455 లీటర్లు, 9ఈకి 663 లీటర్లు. రైతుకు పనికొచ్చే తేడా నా లెక్కన ఆ డిక్కీనే.

ఇప్పుడు ఇంకో అంకె చూడండి. 2025 ఫిబ్రవరి 14న బుకింగ్ తెరిస్తే మొదటి రోజే 30,179 బండ్లు బుక్ అయినయి. దాంట్ల నూటికి 73 మంది అన్నిటికన్న ఖరీదైన రకమే కావాలన్నరు. అంటే నలుగురిల దగ్గర దగ్గర ముగ్గురు. వాళ్లకు ఉందేమో, పెట్టుకున్నరు. ఆ ముగ్గురిల మన పిల్లగాడు ఎందుకు ఉండాలె? 9ఈ మొదటి రకానికి, ఆఖరి రకానికి తేడా 8 లక్షల 60 వేలు. ఆ తేడాకే కొత్త ట్రాక్టర్ వస్తది!

పిల్లలు అడుగుతరు, చిన్న బ్యాటరీతోని ఊరికి ఎట్ల వస్తం అని. లెక్క చేద్దాం. కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీ ఆరేడు కిలోమీటర్లు. మెట్రో ఉంది కదా అంటే, దాంట్ల అమీర్‌పేట దాకా పోయి రైలు మారి మళ్ల వెనక్కి రావాలె. పిల్లలకు బండి కావాలనిపించుడు నాకు అర్థమైతది. కానీ పోయి రావడానికి రోజుకు 15 కిలోమీటర్లే. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టి, యూనిట్‌కు 6 కిలోమీటర్లే అనుకుందాం. రోజుకు రెండున్నర యూనిట్లు. వారంల ఆరు రోజులకు 15 యూనిట్లు. చిన్న బ్యాటరీ నింపుకుంటే మూడు వారాలు దాటి నడుస్తది.

ఇగ ఊరికి. బొంబాయి రోడ్డు మీద కూకట్‌పల్లి నుంచి జహీరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. పోను రాను 200. అంటే 33 యూనిట్లు. చిన్న బ్యాటరీతోని వచ్చి, పోయి, ఇంక 25 యూనిట్లు మిగులుతయి. తిరుపతి పోవాలె కదా అంటరు. తిరుపతి 550 కిలోమీటర్ల పైనే. ఇదే లెక్కన పెద్ద బ్యాటరీ 474 కిలోమీటర్లు వస్తది. దానితోని పోయినా మధ్యల ఆగాల్సిందే, దీనితోని పోయినా ఆగాల్సిందే. ఏడాదికి ఒక్కసారి పోయే తిరుపతి కోసం లక్షలు ఎక్కువ పెట్టుడు ఏం తెలివి?

రెండో సంగతి చార్జింగ్. కిరాయి ఇంటి సెల్లార్‌ల చార్జర్ పెట్టాలంటే ఇంటి ఓనర్ ఒప్పుకోవాలె, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోవాలె, మీటరు కాడి నుంచి వైరు గుంజాలె. ఇల్లు మారితే మళ్ల అదే లొల్లి. ఇది తేలకుండా బండి బుక్ చేస్తే గడ్డి లేని ఇంటికి ఎద్దును తోలుకొచ్చినట్టే. బయట ఫాస్ట్ చార్జింగ్ ఉంది గదా అంటరు. ఉంది, కానీ ఇంటి కరెంటు రేటుకు అక్కడ దొరకదు. రోజూ బయటనే నింపుకుంటే "పెట్రోలు పైసలు మిగులుతయి" అన్న మాటల బలం సగం పోతది.

ఊర్లె అసలు భయం వేరే ఉంది. దీన్ని మోటరు లెక్కల చెప్తే మనకు తొందరగ తెలుస్తది. 5 హెచ్‌పీ మోటరు గంటకు సుమారు 3.7 యూనిట్లు గుంజుతది. కంపెనీ ఇచ్చే చార్జర్లు రెండు రకాలు: గంటకు 7.2 యూనిట్లది ఒకటి, 11.2 యూనిట్లది ఒకటి. అంటే మొదటిది పెడితే రెండు మోటర్లు నడిచినట్టు, రెండోది పెడితే మూడు మోటర్లు నడిచినట్టు. నలుగురు ఐదుగురు రైతులం ఒక 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద బతుకుతున్నం. ఎవడన్న పండుగ పూట బాయికాడి లైనుకు వైరు తగిలిచ్చి బండి పెట్టిండనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎండేది అందరి పంట. అది ఎన్ని రోజులకు వస్తదో, ఎవరెవరు చందా వేసుకోవాల్నో మీకు నేను చెప్పనక్కర లేదు.

ఇంకో మాట. 2018 జనవరి 1 నుంచి మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నరు. అది పంటకు ఇచ్చింది. 20 లక్షల బండిని దాని మీద పెట్టుకున్న ఫోటో ఒక్కటి బయటికొస్తే చాలు, "రైతులకు ఫ్రీ కరెంటు ఎందుకు, మీటర్లు పెట్టండి" అనేటోళ్ల చేతికి మనమే కట్టె ఇచ్చినట్టైతది. మన ఊర్లె ఈ పని ఎవరూ చేయొద్దు. చేస్తుంటే చూసి ఊకోవద్దు.

నిజానికి ఆ పెద్ద చార్జర్ ఊర్లె అవసరమే లేదు. ఇంట్లో మంచి ఎర్తింగ్ ఉన్న 15 ఆంప్స్ ప్లగ్గు నుంచి గంటకు 3 యూనిట్ల దాకా పోతయి. రాత్రి పది గంటలు పెడితే 30 యూనిట్లు, అంటే 180 కిలోమీటర్లు. మళ్ల కూకట్‌పల్లి చేరనీకి దాంట్ల సగం కంటే కొంచెం ఎక్కువ చాలు. కరెంటాఫీసుల ఇంటి లోడు పెంచుకొని, వైరింగ్ చూపించుకొని, బిల్లు కట్టుకొని పెట్టుకోండి. ఎవరూ ఏమనరు.

మూడోది పైసలు. "పన్ను మాఫీ 2026 డిసెంబర్ 31తో అయిపోతది, ఇప్పుడే కొనాలె" అని తొందర పెడుతున్నరు. మాఫీ మాట నిజమే. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణల కరెంటు బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకైతే 18 శాతానికి తక్కువ లేదు. 22 లక్షల బండికి దగ్గర దగ్గర 4 లక్షలు మిగిలినట్టే. కానీ ఆ 4 లక్షల ఆశ చూపించి 8.60 లక్షల పై రకం అంటగడితే మిగిలింది ఎవరికి? నూటికి రూపాయి వడ్డీ లెక్కన 8.60 లక్షలకు నెలకు 8,600. ఏడాదికి లక్షా 3 వేలు. పెట్రోలు బండితోని చూస్తే కిలోమీటరుకు 7 రూపాయలు మిగిలినయి అనుకున్నా, ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగితే 70 వేలు. పెట్రోలుల మిగిలింది వడ్డీకి పోయి, పైన ఇంక 33 వేలు చేతినుంచి కట్టాలె.

సర్కారు ఎవరికి ఎప్పుడు సాయం చేసిందో కూడ యాది పెట్టుకోండి. కరెంటు కారుకు జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుంచే 5 శాతం. మన ట్రాక్టరుకు 12 శాతం, దాని పెద్ద టైరుకు 18 శాతం. 2025 సెప్టెంబర్ 22న గానీ ట్రాక్టరు 5 శాతానికి రాలేదు. ఆరేండ్లు దుక్కి దున్నే బండి మీద ఎక్కువ పన్ను, షికారు బండి మీద తక్కువ పన్ను! పట్నంల పొగ తగ్గుతదంటే నేను కాదనను. కానీ అందరి జేబులకెళ్లి ఇంత రాయితీ ఇచ్చినంక, దానిమీద మళ్ల రైతు భూమి కూడ పెట్టాల్నా?

"నా జీతం, నా ఈఎంఐ, మీకెందుకు" అనే పిల్లగానికి దండం పెడుత. వాడు ఏ రంగు కొన్నా మాట్లాడే హక్కు మనకు లేదు. నేను మాట్లాడేది తండ్రి పాసుబుక్కు ముందర పెట్టుకొని బండి ఎంచుకునే వాళ్ల గురించి. షోరూం దాటిన రోజే బండి విలువ దిగుడు మొదలైతది. బ్యాటరీకి జీవితకాలం గ్యారంటీ అన్నది కూడ మొదటి ఓనరుకే. చేతులు మారితే 10 ఏండ్లు లేకపోతే 2 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. భూమి అమ్మిన పైసలు ఎన్ని దినాలు ఉంటయో తెలియకపోతే న్యాల్‌కల్, ఝరాసంగం దిక్కు నిమ్జ్‌కు భూములు ఇచ్చినోళ్లను అడగండి.

ఇంత చెప్పి ఏది కొనాల్నో చెప్పకపోతే తప్పించుకున్నట్టైతది. ఇద్దరే ఉంటరు, ఆఫీసుకు పోయి వచ్చుడే అంటే బీఈ 6, చిన్న బ్యాటరీ, మొదటి రకం. అమ్మానాయిన ఎక్కుతరు, ఊరినుంచి బియ్యం, పప్పు బస్తాలు పోవాలె అంటే 9ఈ, అది కూడ చిన్న బ్యాటరీ, మొదటి రకమే. సెల్లార్‌ల చార్జింగ్ కుదరలేదంటే కుదిరేదాక ఏదీ వద్దు. భూమి అమ్మితేనే వస్తదంటే అసలే వద్దు.

మీ పిల్లలకు ఈ లెక్క సదివి వినిపించండి. తప్పు ఉందంటే వాళ్లనే కాగితం మీద చేసి చూపియ్యమనండి. అంకెలతోని వస్తే కూసోని మాట్లాడుదాం. వీడియో చూపిస్తే మాత్రం ఫోను పక్కన పెట్టి, "చార్జింగ్ ఎక్కడ బిడ్డా?" అని అడగండి.