నాస్తికుడి ఆస్తికి దిక్కెవరు?

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడిపేవారు. రాహుకాలంలో రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు, అమావాస్య నాడు గృహప్రవేశం చేశారు. దేహదానం పత్రం మీద తాను సంతకం పెట్టడమే కాక మా అందరి చేతా పెట్టించారు. "నా ప్రెస్సూ పుస్తకాలూ మన గ్రంథాలయానికే" అని ప్రతి సమావేశంలోనూ అనేవారు. ఒకసారి నేను వీలునామా సంగతి ఎత్తితే, "శుభమా అని సాయంత్రం పూట ఆ మాటలెందుకండీ" అన్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆయన పోయాక వెతికితే కాగితం ముక్క దొరకలేదు. ఆస్తి భార్యకీ, కొడుక్కీ, తొంభై ఏళ్ల తల్లికీ సమానంగా వెళ్లింది. అందులో అన్యాయమేమీ లేదు. కానీ మెషీన్లు అమ్ముడుపోయాయి, పుస్తకాలు తూకానికి వెళ్లాయి. ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టను. నోటిమాటకి చట్టంలో విలువ లేదు.

వీలునామా రాస్తే చావు ముంచుకొస్తుందన్న భయానికీ, పిల్లి ఎదురైతే పని చెడుతుందన్న భయానికీ తేడా ఏమిటి?

"నాకు మతం లేదు, నా ఆస్తి నా ఇష్టం" అంటారా? రాయకుండా పోతే మీ ఇష్టంతో ఎవరికీ పనిలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ముస్లిం, క్రైస్తవ, పారశీ, యూదు మతాలవారు కాని అందరినీ దాదాపుగా హిందువుల లెక్కలోనే వేస్తుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నా, ఇద్దరూ హిందువులే అయితే 1976 సవరణ తర్వాత అదే వర్తిస్తుంది. అంటే బతికున్నన్నాళ్లూ మనం కాదన్న మతం పేరుమీదే మన ఆస్తి పంపకం జరుగుతుంది!

ఆడవాళ్ల విషయం మరీ దారుణం. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే, అత్తింటివారు గెంటేస్తే, పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఒకామె వీలునామా రాయకుండా చనిపోయింది. పిల్లలు లేరు. 15వ సెక్షన్ ప్రకారం ఆ స్వార్జితం భర్త తరఫు వారిదేనని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సానుభూతి ఒక్కటే ఆధారం కాలేదంది. ఒక్క కాగితం ఉంటే ఆ కేసే లేదు.

"నామినీ పేరు రాశాంగా" అంటారు కొందరు. నామినీ అయినంత మాత్రాన సొంతదారు కాడని కంపెనీ షేర్ల కేసులో 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంతకీ వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. మీ సంతకం, దాన్ని కళ్లారా చూసి మీ ఎదుటే సంతకం చేసే ఇద్దరు సాక్షులు ఉండాలి. సాక్షులు మీకన్నా చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టుకి రావాల్సింది వాళ్లే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. భాగస్వామ్య వ్యాపారముంటే, ఒకరు పోయాక ఏం చేయాలో ఒప్పందంలోనే రాసుకోండి. రాయకపోతే భాగస్వామి మరణంతో ఆ సంస్థ రద్దయిపోతుంది. దేహదానం సంగతి మాత్రం వీలునామాలో దాచకండి. దాన్ని తెరిచేసరికి దహనం అయిపోతుంది. ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పండి.

నేను నాది అమావాస్య నాడే రాశాను. ఇదిగో, ఇంకా బతికే ఉన్నాను. మరి మీదెప్పుడు?