గుడ్డు సాక్ష్యం మనకెందుకు లేదు?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలకు బయోమాగ్నిఫికేషన్ పాఠం కొట్టిన పిండి. నీటిలోని విషం నాచులోకి, నాచు నుంచి చేపలోకి, చేప నుంచి పక్షిలోకి చేరుతూ చిక్కబడుతుంది. డీడీటీ ఒంట్లో చేరిన పక్షి గుడ్డు పెంకు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోతుంది. ఆ పాఠం చదివే చోటికి దగ్గర్లోనే హుస్సేన్‌సాగర్ మిగులు నాలా పారుతోంది. అశోక్‌నగర్ దగ్గర నాలా గోడ వారన చూడండి. నురగ తేలే నల్లనీళ్లలో గుడ్డికొంగ మెడ ముడుచుకుని చేప కోసం కాచుకుని ఉంటుంది. అది తిన్నదాంట్లో ఏ విషం ఎంత ఉంది, అందులో ఎంత దాని గుడ్డులోకి దిగుతోంది అని ఏటేటా లెక్క రాసే బాధ్యతను ఇక్కడ ఏ శాఖా నెత్తికెత్తుకోలేదు. దీన్ని నిర్లక్ష్యమనే అనాలి.

బయటి దేశాలు ఈ పని అర్ధశతాబ్దంగా చేస్తున్నాయి. బ్రిటన్ శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని భైరి డేగ గుడ్ల పెంకులను పరీక్షించి, డీడీటీ వాడకం మొదలైన 1940ల చివరి నుంచే అవి పలచబడ్డాయని 1967లో చూపించారు. కెనడా 1974 నుంచి గ్రేట్ లేక్స్‌లో హెర్రింగ్ గల్ గుడ్లు సేకరిస్తోంది. స్వీడన్‌ది మరీ గొప్ప ముందుచూపు. బాల్టిక్ సముద్రంలోని స్టోరా కార్ల్‌సో దీవి నుంచి గిల్లెమాట్ అనే సముద్రపక్షి గుడ్లను 1968 నుంచీ దాచింది. పీఎఫ్ఓఎస్ అనే పారిశ్రామిక రసాయనం ప్రమాదమని లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పుడు ఆ పాత గుడ్లు బయటికి తీసి చూస్తే, 1968 నుంచి 2003 నాటికి దాని మోతాదు ఇరవై రెట్లకు పైగా పెరిగినట్టు తేలింది. మొదటి గుడ్డు దాచిననాడు ఆ విషం కోసం ఎవరూ వెతకడం లేదు. అయినా సాక్ష్యం భద్రంగా ఉంది.

మన కాలుష్య నియంత్రణ మండలి ప్రధానంగా నీళ్ల సీసాను నమ్ముకుంది. బీఓడీ, కరిగిన ఆక్సిజన్, కోలిఫాం అంకెలు అవసరమే, కాదనం. కానీ సీసా ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన వ్యర్థం తెల్లారేసరికి నాలా దాటిపోతుంది. గుడ్డు అలా కాదు, తల్లి కొన్ని వారాలు తిన్న తిండి అందులో నమోదవుతుంది. కొవ్వులో కరిగే విషాలు పచ్చసొనలో, పాదరసం ఎక్కువగా తెల్లసొనలో చేరతాయి. లోపలి పదార్థాన్ని గడ్డకట్టించి దాచితే, రేపు కనిపెట్టబోయే పరీక్షకు కూడా పనికొస్తుంది.

ఈ సాక్ష్యం అవసరం మనకంటే ఎక్కువ ఎవరికుంది? పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయినా అక్కడి శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించాకే దేశం ఉలిక్కిపడింది. అంతకు పదేళ్ల ముందు ఏ మందు ఎంత ఉండేది? చెప్పడానికి దాచిన నమూనా లేదు. జీడిమెట్ల, బాలానగర్ వ్యర్థాలు కూకట్‌పల్లి నాలాలో పడి హుస్సేన్‌సాగర్‌కు చేరిన దశాబ్దాల చరిత్రదీ అదే గతి.

చిక్కడపల్లి, నారాయణగూడ పక్కగా పోయే ఈ నీరు గోల్నాక వైపు సాగి మూసీలో, వాడపల్లి దగ్గర కృష్ణలో, చివరికి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందుకే ఈ లెక్క ఒక్క బస్తీకి పరిమితం కాదు. ఉప్పలపాడు, నేలపట్టు గూడబాతుల గూళ్ల దాకా రెండు రాష్ట్రాలూ కలిసి రాయాల్సిన పద్దు ఇది.

చట్టం అడ్డొస్తుందనే సాకు చెల్లదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లనూ కాపాడుతుంది, కాపాడాలి కూడా. శాస్త్రీయ అవసరానికి అనుమతించే వెసులుబాటు అందులోనే ఉంది. పిల్లలు లేచిపోయాక గూటిలో మిగిలిన మురిగిన గుడ్లతోనే మొదలుపెట్టొచ్చు. పరీక్షించే యంత్రాలు లేవనడానికీ వీల్లేదు. తార్నాకలోనే రసాయన పరిశోధనా సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. పక్షుల్లో పురుగుమందుల అవశేషాలపై పనిచేసిన సలీం అలీ కేంద్రం కోయంబత్తూరులో ఉంది.

మూసీ ప్రక్షాళన గురించి ప్రభుత్వం పెద్ద మాటలు చెబుతోంది. అది నిజంగా జరగాలనే మేమూ కోరుకుంటున్నాం. అయితే వచ్చే వానాకాలం కొంగలు గూళ్లు కట్టే వేళకు కాలుష్య నియంత్రణ మండలి, అటవీ శాఖ కలిసి గుడ్ల సేకరణకు ఉత్తర్వు ఇవ్వాలి. ఫలితాలు ఏటా తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. పనులన్నీ అయ్యాక మేల్కొంటే, అంతకుముందు ఆ నీరు ఎలా ఉండేదో చెప్పే గుడ్డు ఒక్కటీ దొరకదు.